పొగగొట్టం దగ్గర అరచెయ్యి

హర్మటాన్ గాలి మొదలై మూడో వారం.
తమాలే ఊరంతా ఎవరో పిండి జల్లెడ పట్టినట్టుంది.
సూర్యుణ్ణి తేరిపార చూడొచ్చు, కన్ను కుట్టదు.

వుంపిని బండిని తోసుకుంటూ వచ్చింది,
కుడికాలు ఇంకా కొంచెం ఈడుస్తూ.
"మొన్నమొన్నటిదాకా బాగానే ఉంది" అంది.
అందరూ అదే అంటారు.

తర్వాత చప్పుళ్ళు చెయ్యడం మొదలుపెట్టింది:
"కిక్కు కొడితే ఖుర్ ఖుర్ మంటుంది.
ఒక్కోసారి ముసలాడు దగ్గబోయి మానుకున్నట్టు
గుక్ అని ఊరుకుంటుంది."

నపారికి వినిపించదు.
మూడో ఏట వచ్చిన జ్వరం
పోతూ పోతూ చెవులు రెండూ పట్టుకుపోయింది.
ఆయన షెడ్డులో నా ఉద్యోగం అదే:
స్పానర్లు తుడవడం, టీ తేవడం,
చప్పుళ్ళని వేళ్ళలోకి మార్చడం.

ముసలాడి దగ్గుకి ఏ వేలు చూపించాలి?
గొంతు పట్టుకుని కళ్ళు తేలేశాను.
బండిని వదిలేసి నన్ను రిపేరు చెయ్యబోయాడు.

ముందు ప్లగ్గు.
విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
తడి. పెట్రోలు వాసన. అంటే తిండి అందుతోంది.
తుడిచి, వైరు తగిలించి, ఇంజను రెక్కకి ఆనించి
నన్ను కొట్టమన్నాడు.
దుమ్ము పట్టిన ఆ పగట్లో
చిన్న నీలం గీత, చీమ కుట్టినంత.
నిప్పూ ఉంది.

ప్లగ్గు కన్నం మీద బొటనవేలు వేశాడు.
మళ్ళీ కొట్టాను.
లోపల్నించి గాలి ఆ వేలిని తోసేసింది,
దూడ పొదుగుని కుమ్మినట్టు.
ఊపిరీ ఉంది.

ఎయిర్ ఫిల్టరు దులిపితే
మూడు వారాల ఆకాశం రాలింది.
బిగించాం.
ఖుర్ ఖుర్. గుక్.

నాకు తెలిసిన చదువు అక్కడితో సరి.
ఇక కార్బురేటరే అని పదో నంబరు స్పానరు తీశాను.
నపారి నా మణికట్టు పట్టుకుని ఆపాడు.
వుంపిని కాలు వైపు చూశాడు.
ఎన్నాళ్ళు? అని గాల్లో వేళ్ళు తిప్పాడు.
దీనికి నా సాయం అక్కర్లేకపోయింది.
ఆమే రెండు వేళ్ళెత్తింది.
షియా వెన్న డబ్బాలతో సహా పడిందట,
ఎముక అతుక్కునేదాకా
బండి గోడవారన అలాగే నిలబడి ఉందట.

నపారి వెనక్కి నడిచాడు.
జ్వరం బిడ్డ ముక్కు దగ్గర పెట్టినట్టు
సైలెన్సరు కన్నానికి ఎదురుగా అరచెయ్యి పెట్టాడు.
కొట్టు, అన్నాడు కళ్ళతో.
కొట్టాను. మళ్ళీ. మళ్ళీ.
తల అడ్డంగా ఊపాడు.

నేనూ ఆమే ఇందాకణ్ణించీ
లోపలికి పోయేవాటినే లెక్కపెడుతున్నాం.

సైకిలు చువ్వ కొస వంచి లోపలికి పోనిచ్చాడు.
ఎర్రమట్టి. పెళుసుగా, వేలెడు పొడుగు గదులు.
గదికో సాలీడు, చావనూ లేదు, కదలనూ లేదు.
దాని పక్కన తెల్లటి పురుగు, మెతుకంత.
కందిరీగ.
కదలని బండిని చూసి
అద్దె లేని ఇల్లనుకుంది.

వుంపిని ఛీ అంది.
తర్వాత ఎందుకో తన మోకాలు నిమురుకుంది.

ఆ మట్టిముద్దని పారెయ్యలేదు నపారి.
రేకుల నీడలో పాత టైరు మీద పెట్టాడు.
ప్లగ్గు ఆరబెట్టి, బిగించి,
ఈసారి తనే కొట్టాడు.

టాంకు మీద ఆయన అరచెయ్యి వణికింది.
చప్పుడు నా చెవిన పడేసరికే
ఆయన నవ్వేశాడు.

ఎంత అంటే ఆయన అయిదు వేళ్ళు, ఆమె మూడు.
ఇద్దరూ నావైపు తిరిగారు,
తర్జుమాకి కాదు, తీర్పుకి.
నాలుగన్నాను.

బండి స్టాండు మీద ఇంకా ఆడుతూనే ఉంది.
అప్పుడొచ్చింది కందిరీగ,
కాళ్ళ మధ్య మరో సాలీడుని మోసుకుంటూ.
పొగ కక్కే కన్నం చుట్టూ
ఒకసారి తిరిగింది, ఇంకోసారి తిరిగింది.

నపారి లేచి
టైరుని రెండడుగులు
ఇవతలికి జరిపాడు.